నీళ్లు మానేసిన పిల్ల

2008 జూన్‌లో నన్ను టెక్కలి నుంచి ఉద్దానం తీరానికి బదిలీ చేశారు. ఉద్యోగం పాతదే, శిశు సంక్షేమ శాఖలో సెక్టార్ సూపర్‌వైజర్. సెక్టార్ అంటే కొన్ని ఊళ్ల అంగన్‌వాడీ కేంద్రాల గుంపు. కింద కేంద్రాలు నడిపే కార్యకర్తలు ఉంటారు, పైన ప్రాజెక్టు అధికారి ఉంటారు. సూపర్‌వైజరంటే పైనుంచి వచ్చే తిట్లను కిందికీ, కిందినుంచి వచ్చే ఏడుపును పైకీ మోసే మనిషి. పలాసలో అద్దె ఇల్లు తీసుకుని, రోజూ కాశీబుగ్గలో బస్సెక్కి ఊళ్లు తిరిగేదాన్ని. తర్వాత కొన్నేళ్లకు స్వచ్ఛందంగా పదవీ విరమణ చేశాను. అందువల్ల ఇప్పుడు ఎవరి అనుమతీ లేకుండా ఇది రాయగలుగుతున్నాను.

గర్భిణులు, పసిపిల్లల పనితో పాటు నెలకొకసారి కిశోర బాలికల సమావేశం జరిపించాలి. ఈడొచ్చిన, ఈడొస్తున్న ఆడపిల్లలను కేంద్రానికి పిలిచి, బరువు తూచి, ఐరన్ మాత్రలిచ్చి, ఆరోగ్యం గురించి చెప్పడం పద్ధతి. చెప్పాల్సిన పాఠం పైనుంచి అచ్చయి వచ్చేది. అందులో ఆకుకూరలున్నాయి, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఉంది. సెల్‌ఫోన్ లేదు. ఊళ్లో మాత్రం అప్పటికే ఇంటింటికీ వచ్చేసింది. మగవాళ్లు పనులకు దూరం పోయే ప్రాంతమది. సెలవుకొచ్చిన మనిషి ఇంట్లో ఒక ఫోను వదిలి వెళ్లేవాడు. దానికి కెమెరా, మెమరీ కార్డు ఉంటే ఇంకా గొప్ప.

అక్కుపల్లి వైపు వెళ్లే దారిలోని ఒక ఊళ్లో దమయంతి అనే పిల్ల ఉండేది. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్లు. ఊరి పేరు చెప్పను. ఆ పిల్ల పేరు కూడా మార్చాను. సమావేశానికి అందరికంటే ముందొచ్చి, బరువు తూచే యంత్రం మీద ఎగిరి నిలబడి, "మేడమ్, ముల్లు తిరిగిపోనాది, మీ మిసను పని సేత్తందా" అని నవ్వించేది. వానలు ముదిరాక రావడం మానేసింది. జ్వరమని అంగన్‌వాడీ కార్యకర్త కుమారి చెప్పింది. మరుసటి నెలా అదే మాట. నాకు నమ్మబుద్ధి కాక ఇంటికి వెళ్లాను.

పిల్ల చాప మీద ముడుచుకుని పడుకుంది. పెదాలు ఎండి పగిలాయి. తల్లి పార్వతి జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పనికి వెళ్లి అప్పుడే వచ్చింది. "బడికెల్లనంటాది మేడమ్. అన్నం తినదు. దిట్టి తగిలినాదనుకున్నాం" అంది. తల్లీకూతుళ్లను ఆటో ఎక్కించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాను. డాక్టరుగారు పరీక్ష చేయించి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. రోజూ ఎన్ని నీళ్లు తాగుతున్నావని అడిగారు.

మందుల కోసం తల్లి వరుసలో నిలబడ్డప్పుడు బెంచీ మీద నా పక్కన కూర్చుని పిల్ల తనే చెప్పింది.

"నీళ్లు తాగితే బయటికెల్లాల కదా మేడమ్."

"వెళ్తే ఏమవుతుంది?"

"తోవలో పోన్లట్టుకోని కూకుంటారు."

ఆ ఇళ్లలో మరుగుదొడ్లు లేవు. ఆడపిల్లలు చీకటి పడే వేళ నలుగురైదుగురు కలిసి జీడితోటల్లోకి వెళ్లేవారు. తోట దారిలో ఒక కల్వర్టు ఉంది. కొన్నాళ్లుగా కుర్రాళ్లు దాని మీద చేరి, దమయంతి రాగానే ఫోన్లెత్తి చూపించి, "ఇదుగోనే, నువ్వే" అంటున్నారు. మిగతా పిల్లల తల్లులు ఆమెతో కలిసి వెళ్లొద్దని చెప్పేశారు. ఒంటరిగా వెళ్లలేక పిల్ల నీళ్లు మానేసింది. ఉద్దానంలో. కిడ్నీల జబ్బు ఎందుకొస్తుందో తేల్చడానికి బావులన్నిటి నీళ్లూ సీసాల్లో పట్టుకుపోతున్న ఉద్దానంలో, నీళ్లు బాగా తాగండని మేమంతా ఊరూరా చెప్పుకుంటూ తిరుగుతున్న చోట, కల్వర్టు మీద కూర్చున్న వెధవల వల్ల ఆరోగ్యమైన పిల్ల నోరు కట్టుకుంది.

వాళ్ల ఫోన్లలో ఉన్నదేమిటని అడిగాను. ఆ వేసవిలో దమయంతి పెద్దమనిషైంది. తండ్రి పారాదీప్‌లో వెల్డరు, సెలవు దొరకలేదు. ఫొటోలు తీసి ఉంచండి, వచ్చినప్పుడు చూస్తానని చెప్పాడు. ముఖానికి పసుపు రాసి పీట మీద కూర్చోబెట్టి, చుట్టూ పేరంటాళ్లు ఉండగా, ఆయన వదిలి వెళ్లిన ఫోనుతోనే పిన్ని ఫొటోలు తీసింది. అంతే. తర్వాత పాటలు ఎక్కించుకురమ్మని ఆ ఫోన్ని జంక్షన్‌లోని సెల్ షాపుకి పంపారు.

మరునాడు ఆ షాపుకి వెళ్లాను. యజమాని ఢిల్లీశ్వరరావుకు ముప్పై ఏళ్లుంటాయి, బొట్టు పెట్టుకుని మర్యాదగా మాట్లాడే మనిషి. పని ఎలా చేస్తాడో చెప్పమన్నాను. దాపరికం లేకుండా చెప్పాడు.

"ముందు కార్డులో ఉన్నదంతా కంపూటర్లోకి లాగేత్తాం మేడమ్. వైరసుంటాది కదా. కార్డు తుడిసీసి, పాటలెట్టి, వాళ్లయి వాళ్లకి మళ్లీ ఎక్కించేత్తాం."

"కంప్యూటర్లో మిగిలిపోయినవి తీసేస్తావా?"

"తీరికెక్కడిది మేడమ్."

"మరి ఆ ఫొటో కుర్రాళ్లకెలా చేరింది?"

"కొత్తయేటున్నాయి బావా అంటారు. ఉన్నయి ఎక్కించుకోని పోతారు. నాను సెడ్డయి ఇవ్వను మేడమ్. పసుపు రాసుకున్న బొమ్మ. అందల సెడ్డేటుంది?"

చెడ్డేమీ లేకపోతే మీ చెల్లెలి ఫొటో కూడా అదే కంప్యూటర్లో పెట్టి పంచుతున్నావా అని అడిగాను. అతని మర్యాద అక్కడితో ఆగిపోయింది. పైగా ఆ ఫొటోకి పేరు చోట ఎవరో దమయంతి పేరు, వాళ్లింటి ఫోను నంబరు కొట్టి ఉంచారు. తల్లి ఎత్తితే కట్ అవుతూ, పిల్ల ఎత్తితే మాటలు మొదలయ్యే కాల్స్ కొన్నాళ్లుగా ఆ ఇంటికి వస్తున్నాయి. అవెక్కడివో అప్పుడు అర్థమైంది. నా ఎదుటే కంప్యూటర్లోంచి తీయించాను. జేబుల్లో ఉన్నవాటిని నేనేం చేయగలను?

ఈలోగా ఊరి పెద్దలు తగువు పెట్టారు. అక్కడ తగువు అంటే పెద్దమనుషులు కూర్చుని చెప్పే తీర్పు. తల్లి కబురు చేస్తే నేనూ కుమారీ వెళ్లాం. పంచాయతీ ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని లోకనాథం గారు కూర్చున్నారు. కొబ్బరితోటల ఆసామి, ఒకప్పటి సర్పంచి. తీర్పు ముందే తయారైపోయింది. ఊళ్లో ఏ ఆడపిల్లా ఫోను ముట్టకూడదు. దమయంతిని బడి మాన్పించి వరసకు బావ అయిన వాడికిచ్చి వెంటనే పెళ్లి చేసేయాలి. ఫొటోలు పంచినవాళ్ల గురించి ఒక్క మాట లేదు.

"మీకు తెల్దు మేడమ్ గారూ. ఆడపిల్ల సేతికి సెల్లు ఇత్తే ఇలగే అవుద్ది. పెళ్లి సేసేత్తే అందరి నోళ్లూ మూతపడతాయి" అన్నారాయన.

"పెళ్లి పిల్లకి చేస్తే కుర్రాళ్ల నోళ్లెలా మూతపడతాయండీ? వాళ్లకి చెయ్యాలి కదా" అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

పద్నాలుగేళ్ల పిల్లకి పెళ్లి చేయడం నేరమనీ, చేసినవాళ్లూ చేయించినవాళ్లూ ఇద్దరూ జైలుకెళ్తారనీ చట్టం చెప్పాను. "సట్టాలొద్దు మేడమ్ గారూ, ఇది ఊరి మాట" అన్నారు. సరే, ఊరి మాటే మాట్లాడదామన్నాను.

"ఫోను మనిషిని పాడు చేస్తుందని మీరే అన్నారు. ఇక్కడున్న వాళ్లంతా మీ ఫోన్లు ఈ బల్ల మీద పెట్టండి. ఆ ఫొటో ఎవరి ఫోన్లో లేదో వాళ్లే తీర్పు చెప్పాలి."

కొన్ని చేతులు చొక్కా జేబుల మీదికి వెళ్లాయి గానీ ఏమీ బయటికి తీసుకుని రాలేదు. "అది యేరే మాట" అన్నారు లోకనాథం గారు, ఎవరి వైపూ చూడకుండా.

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని కూర్చున్న పార్వతి లేచింది. బొడ్లోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మాది. సూసుకోండి బాబూ. దీన్లో ఆల నాన్న కోసం తీసినయి తప్ప ఏటీ నేవు. ఇప్పుడు మీయి ఎట్టండి."

ఆ బల్ల మీద అదొక్కటే ఉంది. కాసేపటికి ఒకాయనకు పశువులు గుర్తొచ్చాయి. ఇంకొకాయనకు కాశీబుగ్గలో పని గుర్తొచ్చింది. తీర్పు లేకుండానే తగువు ముగిసింది.

సిగ్గుపడి పెళ్లి మానుకున్నారని ఎవరూ అనుకోవద్దు. ప్రాజెక్టు అధికారి ద్వారా తహసీల్దారుకు రాసి, రెండు కుటుంబాలకూ నోటీసులు ఇప్పించాను. కాగితం చూశాక బావ తరఫువాళ్లు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత తల్లిదండ్రులను ఒప్పించి, పిల్లను టెక్కలిలో ప్రభుత్వ బాలికల హాస్టల్లో చేర్పించాను. ఆ హాస్టల్లో తలుపున్న మరుగుదొడ్లున్నాయా అన్నదే నేను మొదట చూశాను. అక్కడ ఆమె ఒళ్లు కుదుటపడింది, చదువు సాగింది.

మా నెలవారీ సమావేశంలో దీన్ని బాల్య వివాహాన్ని ఆపిన విజయంగా చదివి చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. ఏ తప్పూ చేయని పిల్ల ఊరు విడిచి వెళ్లింది. కల్వర్టు మీద కూర్చున్నవాళ్లు కల్వర్టు మీదే ఉన్నారు. సెల్ షాపులోకి రెండో కంప్యూటరు వచ్చింది. ఇందులో గెలిచిందెవరని లేచి అడిగితే, తర్వాతి అంశం పౌష్టికాహారం అన్నారు.

అప్పటినుంచి నా సెక్టార్‌లో ప్రతి కిశోర బాలికల సమావేశంలో బరువు తూచే ముందు ఒక ప్రశ్న అడిగేదాన్ని. ఈ రోజు నీళ్లు తాగావా, తాగకపోతే ఎందుకు తాగలేదు? అచ్చయిన పాఠంలో అది లేదు. అయినా ఆ ప్రశ్న వల్ల బయటపడ్డ సంగతులు ఏ పాఠం వల్లా బయటపడలేదు.

ఇప్పటికీ తల్లుల సమావేశాలకు పిలిచి, ఆడపిల్లకు ఫోను ఇవ్వాలా వద్దా అని నన్ను అడుగుతుంటారు. ఆ ఉద్యోగం నాకు నేర్పిన జవాబు ఒకటే. ఫోను వల్ల పిల్లకు జరుగుతున్న హాని ముందు ఆమె తిండిలో, నీళ్లలో, ఆమె నడవడం మానేసిన దారిలో కనిపిస్తుంది. కాబట్టి చేతిలోంచి ఫోను లాక్కోవడానికి ముందు, ఆమె నీళ్లు తాగుతోందో లేదో చూడాలి. తాగకపోతే, దారిలో కూర్చున్నది ఎవరో కనుక్కుని వాళ్ల ఫోను అడగాలి.