పది లక్షల ఒకటి

కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది. బోధన్ పక్క ఊరి హైస్కూల్లో నేను లెక్కల సారును. మండల గణిత పోటీకి ప్రశ్నపత్రం తయారుచేసింది నేనే, కీ రాసింది నేనే, పేపర్లు దిద్దిందీ నేనే. లెక్కల్లో నన్ను తప్పు పట్టేవాడు ఈ చుట్టుపక్కల లేడని అప్పట్లో నా గట్టి నమ్మకం.

అందులో ఒక ప్రశ్న: 10,00,001 ప్రైమ్ నంబరా, కాదా? ప్రైమ్ అంటే ఒకటితో, తనతో తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా పోనిది. రెండు, మూడు, అయిదు, ఏడు అంటూ నూరు లోపు ప్రైమ్‌లన్నిటితో భాగించి చూశాను. ఒక్కదానితోనూ పోలేదు. విసుగొచ్చి కీలో ‘ప్రైమే’ అని రాసేశాను.

ఫలితాలు వచ్చిన మరునాడు మా బడి పదో తరగతి పిల్ల మౌనిక స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడింది. వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. మండలం నుంచి జిల్లా పోటీకి ఇద్దరిని పంపాలి. ఈ పిల్ల ఒక్క మార్కు తేడాతో మూడో స్థానంలో ఆగిపోయింది. వచ్చే ఏడు చూద్దామంటే బడిలోనే ఉండదు.

“నేను ప్రైమ్ కాదని రాసిన సార్. మీరు కొట్టేసిండ్రు.”

నూరు దాకా చేసి చూశానని, దేనితోనూ పోదని కాస్త కటువుగానే చెప్పాను.

“నూట ఒకటితోని చేసిండ్రా సార్?”

చేయలేదు. ఆ సంఖ్య వర్గమూలం దాదాపు వెయ్యి కాబట్టి వెయ్యి దాకా చూడాలి. తరగతిలో ఏటా చెప్పే మాటే. పేపర్ తీసి చూస్తే నా ఎర్ర గీత కింద గుండ్రటి అంకెల్లో ఉంది: 101 × 9901. ‘కాదు’ అన్న మాట కనబడగానే కొట్టేశాను, కింది వరుస చదవనే లేదు.

ఎంపికైనవాళ్ల జాబితా అప్పటికే నిజామాబాద్‌లోని జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు చేరింది. ఫోన్ చేస్తే ఇప్పుడేం మార్చలేమన్నారు. మరునాడే పేపర్ పట్టుకుని, మౌనికను, పని మానుకుని వచ్చిన వాళ్లమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాను. ఆఫీసులో అధికారి మంచివాడే. తప్పు నాదేనని బయటపడితే నాకే ఇబ్బందని నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు.

“తప్పు నాదేనని కాగితం మీద రాసిస్త సార్,” అన్నాను. “పిల్ల పేరు ఎక్కేదాక నేను ఈడికెల్లి కదల.”

మధ్యాహ్నం దాకా ముగ్గురం బెంచీ మీద కూర్చున్నాం. చివరికి ఆయన తన ఫోన్లో 101ని 9901తో హెచ్చవేసి, రెండోసారీ హెచ్చవేసి చూసుకుని, మౌనిక పేరు మూడోదిగా చేర్చాడు.

తిరుగు బస్సులో వాళ్లమ్మ కునుకు తీస్తోంది. మౌనిక నా వైపు తిరిగింది.

“సార్, గా 9901 ఇంక విరుగుతదా?”

“తెల్వదు బిడ్డా. నోట్‌బుక్ తియ్యి, చేసి సూద్దాం.”

ఇరవై ఏళ్ల నౌకరీలో తెలియదని ఒక పిల్లతో చెప్పడం అదే మొదలు. తర్వాత అలవాటైంది. కొట్టేసే ముందు చివరి వరుస దాకా చదవడం కూడా.