కొండ మీద చెప్పిన ‘వెళ్ళొస్తాం’

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. ఎవరైనా వింత జరిగిందని వస్తే, ఇంకోసారి చేసి చూపించమంటాను. చూపించలేకపోతే అది జరగనట్టే లెక్క. మా ఇంట్లో ఇది రెండోసారి కూడా జరిగింది కాబట్టే రాస్తున్నాను.

2009 వేసవి. అప్పుడు మేం కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నేను, మా ఆయన మురళి, నాలుగేళ్ళ మా పాప హాసిని. ఒక లాంగ్ వీకెండ్‌కి ఉత్తరాన కొండల్లోకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. ఒక చిన్న ఊళ్ళో, కొండ మీద పాత తావో గుడి ఉందని బోర్డు కనబడితే కారు అటు తిప్పాం. ఒకప్పుడు బంగారం తవ్వకాలకి వచ్చిన చైనా వాళ్ళు కట్టుకున్న గుడి అది. ఇప్పుడు పూజలు చేసేవాళ్ళకన్నా మాలాంటి టూరిస్టులే ఎక్కువ.

గుడి చిన్నది. ఎర్రరంగు వెలిసిపోయిన చెక్క తలుపులు, లోపల పొడుగు గడ్డాల దేవుళ్ళు, అగరొత్తుల వాసన. మురళి ఏ గుడికెళ్ళినా ప్రదక్షిణ చేయందే బయటికి రాడు. ఇక్కడా షూ విప్పేసి మొదలుపెట్టాడు. అలా తిరుగుతూ వెనకవైపున్న గదిలోకి వెళ్ళాడు, వెంట మేమూ వెళ్ళాం. అక్కడ దేవుడి బొమ్మ లేదు. గోడ పొడుగునా చైనా అక్షరాలు చెక్కిన చెక్క పలకలు, వాటి ముందు ఒక పళ్ళెంలో కమలాపళ్ళు. బయట అంత ఎండగా ఉన్నా ఆ గది మాత్రం చల్లగా ఉంది.

మురళికి ఇంకో అలవాటుంది. ఎక్కడికెళ్ళినా ‘వెళ్ళొస్తాం’ అని చెప్పకుండా కదలడు. ఎవరింట్లోనైనా సరే, లేచి ఒకసారి చెప్పి, గుమ్మం దగ్గర మళ్ళీ చెప్పి, అప్పుడు బయటపడతాడు. ఈలోపు నేను కారెక్కి సీట్ బెల్ట్ పెట్టేసుకుంటాను. ఆ గదిలో కూడా పలకల వైపు తిరిగి దండం పెట్టి, “వెళ్ళొస్తామండీ” అన్నాడు.

“ఎవరికి చెప్తున్నావ్? వాళ్ళకి తెలుగొచ్చా?” అని నవ్వాను.

“దేవుడే కదా, ఏ భాషైతే ఏంటి?” అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒక మంగళవారం పొద్దున మురళి ఆఫీస్‌కని బయలుదేరాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. గొంతు తన గొంతులా లేదు. “ఆ కొండ దగ్గరున్నా. ఎలా వచ్చానో తెలీట్లేదు” అన్నాడు. వాళ్ళ ఆఫీస్ మా ఇంటికి పావుగంట. ఆ కొండ నాలుగు గంటల దూరం. ఫ్రీవే ఎక్కడం వరకు గుర్తుందట. మళ్ళీ తెలివొచ్చేసరికి గుడి మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుతున్నాడట.

న్యూరాలజిస్ట్‌కి చూపించాం. ఎమ్మారై తీశారు, ఒళ్ళంతా వైర్లు పెట్టి నిద్రపుచ్చి చూశారు. అన్నీ నార్మల్. ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులు కదా, స్ట్రెస్ అయ్యుంటుందన్నారు. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఎందుకైనా మంచిదని తనని డ్రైవింగ్ మానిపించి, నేనే ఆఫీస్‌లో దింపి తీసుకొచ్చేదాన్ని.

అలా నెలపైనే గడిచింది. ఒక శనివారం నేను స్నానం చేసి వచ్చేసరికి ఇంట్లో ఇద్దరూ లేరు. పాలు తెస్తామని ఫ్రిజ్ మీద చీటీ ఉంది. షాపు వీధి చివరే. గంటైనా రాలేదు, కిందికెళ్ళి చూస్తే కారు కూడా లేదు. ఫోన్ ఎత్తడు. పోలీసులకి చెప్పాను, తెలిసినవాళ్ళందరికీ చెప్పాను. మధ్యాహ్నానికి తనే చేశాడు. ఏడుస్తున్నాడు. మళ్ళీ అక్కడే. వెనక సీట్‌లో హాసిని నిద్రపోతోంది, ముందు సీట్‌లో పాల క్యాన్ ఎండకి వేడెక్కిపోయి ఉంది. ఆ కొండకి వెళ్ళే రోడ్డుకి ఒక పక్కంతా లోయ. ఈసారి పాపని కూడా తీసుకెళ్ళాడు, ఇంకోసారి ఇద్దరూ వెనక్కి వస్తారన్న నమ్మకం నాకు లేదు.

మురళిని అక్కడే కదలకుండా ఉండమన్నాను. అప్పటికప్పుడు నన్ను అక్కడికి తీసుకెళ్ళింది పద్మ ఆంటీ. మా కాంప్లెక్స్ వెనక వీధిలో ఉంటారు. డెబ్బైల్లో ఈ దేశం వచ్చి, డాక్టర్‌గా చేసి రిటైరయ్యారు. దారంతా నేను మొదటినుంచీ జరిగింది చెప్పాను, ఏడుస్తూ, మురళిని తిడుతూ. పేషెంటు మాట విన్నట్టు విని, ఒక్కటే అడిగారు.

“వెనక గదిలో ఏముందమ్మా?”

నాకు తెలీదు. అక్కడికి చేరాక, గుడి చూసుకునే ముసలి వాలంటీరు చెప్పింది. ఆ పలకల మీదున్నవి ఈ కొండల్లో చనిపోయిన చైనా మగవాళ్ళ పేర్లట. అప్పట్లో చనిపోయినవాళ్ళ ఎముకలు సొంతూరికి పంపేవాళ్ళట. వీళ్ళని మాత్రం తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదట.

పద్మ ఆంటీ మురళి వైపు తిరిగారు. “చావింట్లో వెళ్ళొస్తాం అని చెప్తారటయ్యా ఎవరైనా? చప్పుడు చేయకుండా లేచి వచ్చేయాలి గానీ.”

ఆ పద్ధతి నాకూ తెలుసు. మా తాతయ్య పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళంతా మాటామంతీ లేకుండా లేచి వెళ్ళిపోవడం చూశాను. ఇక్కడికొచ్చాక చావిల్లు చూడక ఆ సంగతే మర్చిపోయాం.

“ఇప్పుడు లోపలికెళ్ళి కాసేపు నించుని, ఏం చెప్పకుండా వచ్చేయండి. వెనక్కి చూడొద్దు. మందో మాకో నాకు తెలీదు, చేస్తే పోయేదేం లేదు” అన్నారు ఆంటీ.

నమ్మి చేశానని చెప్పను. అప్పుడు నేలమీద పొర్లమన్నా పొర్లేదాన్ని. లోపలికెళ్ళి పలకల ముందు నించున్నాం. కాసేపటికి ఎవరం నోరెత్తకుండా తిరిగి నడిచాం. హాసిని మురళి భుజం మీద ఉంది. మేం వెనక్కి చూడలేదు. కానీ దాని మొహమే గుడి వైపుంది, ఆ సంగతి మాకు తట్టలేదు.

మెట్లు దిగుతుంటే అది చెయ్యూపి, “ఓకే, రండి” అంది.

హాసినికి ‘అండి’ రాదు. ఎవరినైనా ‘రా’ అనే అంటుంది. వీడియో కాల్‌లో మా నాన్నని కూడా ‘తాతా, రా’ అనే పిలుస్తుంది. ఎన్నిసార్లు దిద్దినా మారలేదు. ఆ ఒక్కసారే ‘రండి’ అంది. కార్‌లో అడిగితే, “దే సెడ్ వస్తాం. సో ఐ సెడ్ ఓకే” అని చెప్పి నిద్రపోయింది.

మురళికి మళ్ళీ అలా కాలేదు. ఇప్పుడు తనే డ్రైవ్ చేస్తాడు. ఎవరింటికెళ్ళినా ‘వెళ్ళొస్తాం’ అనడు, బై చెప్తాడు. డాక్టర్లు స్ట్రెస్ అన్నారే గానీ, అది ఎలా పోయిందో చెప్పలేదు. నేనూ చెప్పలేను.

కొండ నుంచి వచ్చాక మురళి మళ్ళీ డ్రైవింగ్ మొదలుపెట్టిన వారంలోనే ఒక సాయంత్రం, నేను వంటింట్లో ఉండగా వీధి తలుపు తీసిన చప్పుడైంది. బెల్ మోగలేదు. వెళ్ళి చూస్తే హాసిని తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి నించుంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ నేను చెప్పినట్టే, చెప్పుల స్టాండ్ వైపు వేలు చూపిస్తూ “షూస్ అక్కడ” అంటోంది. బయట ఎవరూ లేరు. చాలాసేపు అలాగే నించుని, ఆఖరున తలుపు వేసింది. తర్వాత హాల్ అంతా ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

“అమ్మా, ఇంతమంది ఎక్కడ కూర్చుంటారు?”

మురళి ఆఫీస్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చే టైమ్ అది. వచ్చినవాళ్ళని కాదంటే తన కారు మళ్ళీ ఎటు తిరుగుతుందో. లోపలికెళ్ళి చాపలు తెచ్చి హాల్లో పరిచాను.