నల్లనేల మీద రెండు ట్యాంకర్లు

పెద్దమనుషులు గాలిలో వస్తారు. వాళ్లు దిగే జాగాకు పూచీ పడేది మాత్రం నేల మీద నడిచేవాళ్లు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎక్కడ హెలికాప్టర్ దిగాలన్నా ముందు మా జట్టు పోయి చూడాలి. ఐదుగురం. కరెంటు తీగలు, సెల్ టవర్లు ఎంత దూరంలో ఉన్నాయి, రెక్కల గాలికి లేచిపోయే టార్పాలిన్ పట్టాలూ ఖాళీ సంచులూ చుట్టుపక్కల ఉన్నాయా, పెళ్లిళ్ల వీడియోలు తీసే డ్రోన్‌ను ఎవరైనా ఎగరేస్తున్నారా, అన్నీ చూడాలి. భద్రమని రాసి కింద నేను సంతకం పెడితేనే అవతల పైలట్ బయలుదేరేవాడు.

నేను చదివింది ఐదో తరగతి. గడ్డపార పట్టుకుని కొలువులో చేరినవాణ్ణి. పైనుంచి వచ్చిన ఇంగ్లీషు రూల్సును నిఘంటువు ముందేసుకుని ఒక్కొక్క మాటా విప్పుకున్నాను. మా ఇంజనీర్లు ఆ కాగితాలను చదవకుండానే బీరువాలో పెట్టేవాళ్లు. ఈ మాట రాయడానికి నాకు భయం లేదు. వాటిని నేను తెలుగులోకి దించి, నా చేతిరాతతో రెండు పేజీల లిస్టు చేశాను. రిటైరయ్యాక కూడా నన్ను కాంట్రాక్టు మీద ఉంచుకున్నది ఆ లిస్టు కోసమే. జట్టుకు ఒకటే చెప్పేవాణ్ణి: "మీ తెలివి ఇంట్ల పెట్టి రాండ్రి. లిస్టుల ఏముంటే గదే చేయుండ్రి."

అందులో నాలుగో వరుస, దుమ్ము లేవకుండా రెండు ట్యాంకర్ల నీళ్లు చల్లాలని. రూల్సులో నీళ్లు చల్లాలని మాత్రమే ఉంది. రెండు ట్యాంకర్లన్నది నేను కలిపింది. వనపర్తి చుట్టూ ఎర్రచెలకల్లో ఏళ్ల తరబడి చూసి రాసుకున్న కొలత అది. ఎర్రనేల ఎంత పోసినా తాగేస్తుంది.

రాజోలి దగ్గర పంటలు చూడడానికి ఒక పెద్దమనిషి వస్తున్నాడన్నారు. ఆ పొద్దున నన్ను గద్వాలలో ఏదో మీటింగులో కూర్చోబెట్టారు. నా తర్వాత జట్టును నడిపేది నాగర్‌కర్నూల్ ఆమె. ఆమె రాజోలి నుంచి ఫోన్ చేసింది.

"సార్, అన్నీ అయినయ్. నీళ్లకాడ ఆగింది. ట్యాంకరాయన చల్లనంటుండు."

"ఎందుకంట?"

"ఇది నల్లరేగడంట. తాగదంట. పైపైన జర తడిపి ఇడిసిపెడ్దామంటుండు."

వెనకనుంచి ఆయన గొంతే వినిపించింది. "సాబ్‌కు చెప్పమ్మా! రెండు పోస్తే గీ బురదలకెల్లి నా ట్యాంకరే ఎల్లది, ఆ బండెట్ల ఎల్తది?"

పెబ్బేరు మనిషి. ఎన్నో ఏళ్లుగా మా పనులన్నిటికీ నీళ్లు తెచ్చేవాడు. ఆయన అత్తగారిది రాజోలే. ఆ నేల సంగతి ఆయనకు తెలుసు. కానీ మీటింగులో అందరూ నావైపు చూస్తున్నారు.

"లిస్టుల ఏమున్నది?" అన్నాను.

"రెండు ట్యాంకర్లు సార్."

"మరింకేంది? నీళ్లు తెచ్చేటోడు చెప్తే లిస్టు మారుతదా? రెండు కొట్టియ్యి."

అక్కడే కూర్చుని సంతకం చేసి పంపాను.

మధ్యాహ్నం హెలికాప్టర్ దిగింది. దిగీ దిగగానే ఒకవైపు చక్రం ఇరుసు దాకా కూరుకుపోయింది. బండి పక్కకు ఒరిగింది. రెక్క నేలను తాకడానికి ఇంకా జానెడుందని మా జట్టు ఆమె ఫోన్లో ఏడుస్తూ చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు.

మర్నాడు మా పెద్దాఫీసరు నన్ను పిలిచి తెల్లకాగితం ముందుకు తోశాడు. "ఎందుకు పరేషాన్ అయితున్నవ్ పెద్దాయనా? ట్యాంకరోడు నీళ్లు ఎక్కువ పోసిండని ఒక్క ముక్క రాయి. అందరం ఒడ్డున పడ్తం."

"రెండు పొయ్యమంటే రెండే పోసిండు సార్."

"నువ్వు చూసినవా? గద్వాలల గూసున్నవ్ గదా!"

ఒళ్లు మండింది. ఆ కాగితం మీదే రాసిచ్చాను: లిస్టు నాది, సంతకం నాది, ట్యాంకరతని తప్పు లేదు. కాంట్రాక్టు పోయింది. పోతే పోయిందని ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చాను. ఆ గర్వంతోనే కొన్ని నెలలు గడిపాను.

తర్వాత తెలిసింది, ఆ ట్యాంకర్‌ను ఏ సర్కారు పనికీ పిలవడం లేదని. నా కాగితం ఉండగా ఇదేం అన్యాయమని మండిపడుతూ పెబ్బేరు పోయాను. సంత రోజు. ఆయన ఎడ్ల తొట్లలో నీళ్లు నింపుతున్నాడు.

"రా అన్నా, రా. ఈ తొట్టికెన్ని ట్యాంకర్లో లిస్టుల చూసి చెప్పు," అన్నాడు.

"నీ తప్పు లేదని రాసిచ్చిన తమ్మీ."

"ఇన్న. నేను వద్దన్నది రాసినవా?"

రాయలేదన్నాను.

"నన్ను పిలిచి అడిగిండ్రు. ముందుగాల్నే వద్దన్న సాబ్ అని చెప్పిన. నీ కాయిదం తీసి చూసిండ్రు. అండ్ల లేదు. ఇప్పుడు కతలు పడ్తుండు, అబద్ధాలకోరు అని రాసుకున్నరు." పైపు ఇంకో తొట్టిలోకి మార్చాడు. "నీళ్లు పోసుడు నాకెక్కడైనా దొరుకుతది. తెల్వక పోసినోన్ని జేసినవ్ సూడు, గది నొస్తది."

మా జట్టు ఆమెను సాక్ష్యానికి పిలవనే లేదట. నేను మళ్లీ ఆఫీసుకు పోయి రెండో కాగితం ఇవ్వబోతే ఫైలు మూసేశామన్నారు. వాళ్లను తిట్టాను, ఇప్పటికీ తిడతాను. కానీ మొదటి కాగితం ఎవరూ నా చెయ్యి పట్టుకుని రాయించలేదు. తప్పు నాదని రాయడానికి వెనకాడని వాణ్ణి, నాకంటే బాగా తెలిసినవాడు అక్కడ ఒకడున్నాడని రాయలేకపోయాను.

వాళ్లు తీసుకోని ఆ రెండో కాగితంలో ఉన్నది ఇంతే: ఆ నేల నీళ్లు తాగదని ఆయన ముందే చెప్పాడు. ఫోన్లో నాకు స్పష్టంగా వినపడింది. విని కూడా నేను పోయమన్నాను.