నాలుగు జెండాల కోల్డ్ రూము

జూన్ మూడో వారం, శనివారం పొద్దున్న తొమ్మిదింటికి కోల్డ్ రూము లోపల ముప్పై ఎనిమిది డిగ్రీలుంది. బయట చూరు నీడలో ముప్పై నాలుగు. వెంకటదుర్గ రెండు అంకెలూ నోటుబుక్కులో రాసి తలుపు మూసింది. చేప చెడిపోకుండా కట్టిన గది ఆ ఊళ్ళో అన్నిటికంటే వేడి చోటైంది. ఫిబ్రవరి పదకొండు నుంచి అంతే. రోజూ చూసి రాయాలని ట్రైనింగులో చెప్పారు కాబట్టి రాస్తోంది. ఆ పుస్తకం ఎవరైనా అడుగుతారేమోనని నాలుగు నెలలు చూసింది. ఎవరూ అడగలేదు.

సోమవారం లారీ వస్తుంది. గదినీ, దాని పక్కన ఉన్న సోలార్ పలకల్నీ విప్పి తీసుకుపోతుంది. వెంకటదుర్గ చేతిలో ఉన్నవి ఆ రోజూ, ఆదివారమూ.

ఊరు పెదమొగపాలెం. సఖినేటిపల్లి నుంచి సముద్రం వైపు వస్తే ఆఖరి బస్సు స్టాపు దాటాక ఇంకో రెండు కిలోమీటర్లు. ఐసు కావాలంటే నరసాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి రావాలి. ఎండల్లో ఊరు చేరేసరికి దిమ్మలో మూడో వంతు నీళ్ళై కారిపోతుంది. అందుకే పడవ ఒడ్డుకు తగిలిన గంటన్నరలో ఏ ధరంటే ఆ ధరకు చేప ఇచ్చేయాలి. ఈ సంగతి కొనేవాడికి తెలుసు. టీ తాగుతూ కూర్చుంటాడు. ఎండెక్కేదాకా బేరం మొదలెట్టడు.

రెండేళ్ళ కిందట ఆ బాధ పోతుందన్నారు. సోలార్ కరెంటు కోసం దేశాలన్నీ చేతులు కలిపాయనీ, ఈ తీరం వెంట తొమ్మిది పాలేల్లో కోల్డ్ రూములు కడతారనీ చెప్పారు. డబ్బు ఒక దేశానిది. పలకలు ఇంకో దేశానివి. ఇన్వర్టరు పెట్టె మూడో దేశంలో తయారైంది. స్థలమూ, చేపా, ఎండా ఇక్కడివి. గోడకి నాలుగు జెండాలు చెక్కిన పాలరాతి ఫలకం పెట్టారు. దాన్ని రాజమండ్రిలో చేయించారు. మొత్తం సామానులో ఇప్పటిదాకా చెడనిది అదొక్కటే.

వెంకటదుర్గకి నలభై మూడేళ్ళు. చదువు ఏడో తరగతి. పదిహేనో ఏట తట్ట నెత్తికెత్తుకుని మలికిపురం సంతకి నడవడం మొదలెట్టింది. గది నడపడానికి ఊరికొక ఆడమనిషికి ఆర్నెల్లు ట్రైనింగు ఇస్తామన్నప్పుడు ఎవరూ ముందుకి రాలేదు. ఉత్తరాదిలో ఎక్కడో ఎడారి పక్క ఊరన్నారు. మొగుడు చిట్టియ్య వద్దన్నాడు. అత్త రత్తమ్మే పంపింది.

“వెళ్ళనీరా. ఆర్నెల్లు నీకు నేను వండి పడేస్తాలే. కరెంటు పోయినప్పుడల్లా లైనుమాను వెనకాల తిరిగే పని తప్పుద్ది,” అంది.

అక్కడ ఐదు దేశాల ఆడవాళ్ళు ఇరవై రెండు మంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. పాఠం అంతా తీగల రంగులతో, చేతి సైగలతో నడిచింది. పక్క బల్ల మీద హలీమా ఉండేది. టాంజానియా తీరంలో ఒక దీవి ఆమెది. ఆమె ఇంట్లోనూ వలలే, పడవలే. హాస్టలు కూరల్లో ఉప్పు చాలక ఇద్దరూ ఒకే రోజు గిన్నె పక్కకి నెట్టారు. హలీమా కొంగు ముడిలోంచి ఉప్పు పొట్లం తీసి “చుంవి” అంది. ఈవిడ “ఉప్పు” అంది. ఒకరి భాషలో ఒకరు నేర్చుకున్న మొదటి మాట అదే. దేశాల సహకారం అంటూ ఫలకం మీద రాసినదాన్ని వెంకటదుర్గ కళ్ళారా చూసింది ఆ బల్ల దగ్గరే.

గది ఏడాది పైన బాగా నడిచింది. చందువా, కానాగంత చేపలు మర్నాటిదాకా నిలిచాయి. టీ తాగుతూ కూర్చునేవాడు పొద్దున్నే లేచి రావడం నేర్చుకున్నాడు. ఫిబ్రవరిలో ఇన్వర్టరు పెట్టె ఆగింది. చిన్న తెర మీద ఎఫ్ ఇరవై మూడు అని ఎర్రగా వెలిగింది.

రాజమండ్రి ఆఫీసులో ప్రాజెక్టు చూసే సత్యప్రసాద్‌కి ఫోన్ చేసింది. మర్యాదస్తుడు, ప్రతి మాటకీ అండీ అంటాడు. ఆ మర్యాదతో పెట్టె మాత్రం నడవలేదు.

“మీరు ముట్టుకోకండి. దాని మీద సీలుందండి. కంపెనీ ఇంజినీరు తప్ప ఎవరూ తీయకూడదు. తీస్తే గ్యారంటీ పోతుంది.”

“ఇంజినీరు గారు ఎప్పుడొస్తారండి?”

“ఆయన వాళ్ళ దేశం నుంచే కంప్యూటర్లో చూస్తారండి.”

“ఫ్యాను తిరగట్లేదని కంప్యూటర్లో కనపడుద్దాండి?”

“కంప్లయింటు పెట్టామండి. నంబరొచ్చింది.”

నంబరు వచ్చింది. మార్చిలో ఇంకో నంబరు వచ్చింది. ఏప్రిల్ పదిహేను నుంచి వేట నిషేధం కనక పడవలు ఒడ్డున ఉన్నాయి, ఊరు ఓపిక పట్టింది. మేలో సత్యప్రసాద్ చెప్పకుండా వచ్చాడు. ఆ రోజే పలకల మీద, ఒడ్డు నుంచి లాగే వలలో పడ్డ చిన్న చేపలు, నెత్తళ్ళు ఎండుతున్నాయి.

ఆ పని చేసింది రత్తమ్మ. పలకలు మనిషెత్తున ఉంటాయి, కుక్కలకి అందవు. నున్నగా ఉంటాయి, ఇసుక అంటదు. ఇసుక మీద రెండు రోజులు పట్టే నెత్తళ్ళు అక్కడ సాయంత్రానికి గలగలమంటాయి. ఎలాగూ మిషను చచ్చి ఉంది కదా అని నిచ్చెన వేసుకుని రెండు గంపలు పరిచింది. సత్యప్రసాద్ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాడు. రత్తమ్మ కొంగు సర్దుకుని నవ్వుతూ నిలబడింది.

తర్వాత వెంకటదుర్గ అత్త మీద విరుచుకుపడింది. “పలక మీద ఏదీ వేయకూడదని ఎన్నిసార్లు చెప్పానే అత్తా!”

“ఎండ కోసమేగా ఆ అద్దాలు పెట్టింది? ఆ ఎండలో చేప ఎండితే నీకేం నొప్పే?”

నీడ పడితే ఆ పూట కరెంటు తగ్గుతుంది. ఫిబ్రవరిలో ఆగిన పెట్టెని మేలో పరిచిన నెత్తళ్ళు చంపలేవు. ఈ మాట చెప్పడానికి ట్రైనింగు కూడా అక్కర్లేదు, క్యాలెండరు చాలు. కానీ ఫొటో నాలుగు దేశాలకి వెళ్ళింది.

పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగిన మూడు రోజులకి, గురువారం, స్కూలు గదిలో వీడియో మీటింగు పెట్టారు. తెర మీద ఆరుగురు తెల్లదొరలూ, దొరసానులూ. సత్యప్రసాద్ ల్యాప్‌టాప్ పక్కన నిలబడ్డాడు. “క్లుప్తంగా చెప్పండి మేడం గారూ, లైన్లో చాలామంది ఉన్నారు,” అన్నాడు.

వెంకటదుర్గ నోటుబుక్కు తెరిచి చదివింది. “ఫిబ్రవరి తొమ్మిది నుంచి పెట్టెలో ఫ్యాను చప్పుడు లేదండి. పదకొండున ఆగింది. ఆ రెండు రోజులూ పొద్దున్న పూట కాసేపు నడిచి, పెట్టె వేడెక్కగానే ఆగిపోయేదండి. ఫ్యాను చూడమనండి. మా వాళ్ళు చేపలు పరిచింది మే నెలలోనండి.”

సత్యప్రసాద్ ఇంగ్లీషులో ఒకే ఒక్క ముక్క చెప్పాడు. ఫ్యానుని ఇంగ్లీషులోనూ ఫ్యాననే అంటారని వెంకటదుర్గకి తెలుసు. ఆ మాట ఆయన నోట రాలేదు. వచ్చిన మాటల్లో ఆమెకి తెలిసింది ఒక్కటే: సారీ. ఆమె సారీ చెప్పలేదు. తెర మీద ఒక తెల్లజుట్టు దొరసాని మెచ్చుకోలుగా తలూపి చప్పట్లు కొట్టింది.

అరగంటలో తేలిపోయింది. వాడకంలో తప్పు జరిగిందన్నారు. గదిని జంగారెడ్డిగూడెం వైపు ఒక కూరగాయల సంఘానికి ఇస్తారు. సోమవారం లారీ.

“మీ కోసం చాలా ప్రయత్నించానండి,” అన్నాడు సత్యప్రసాద్ వైర్లు చుట్టుకుంటూ.

“నేను చెప్పింది చెప్పారాండి?”

“సారాంశం చెప్పానండి.”

ఆ రాత్రి ఆమె అన్నం ముందు నుంచి లేచిపోయింది. దొంగ అన్నా ఊరుకునేదేమో. ఏమీ తెలియనిదాన్ని చేసి, తన నోటితోనే క్షమాపణ చెప్పించి, పైగా చప్పట్లు కొట్టారు. ట్రైనింగు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టె తెర మీది ఎర్ర అంకె ఫొటో పెట్టింది. కింద ఏమీ రాయలేదు. రాయడానికి అందరికీ తెలిసిన భాష లేదు.

శనివారం, అంకెలు రాసి తలుపు మూసిన కాసేపటికి, హలీమా నుంచి మూడు ఫొటోలు వచ్చాయి. వాళ్ళ దీవిలోనూ అదే గది, అదే పెట్టె, అదే అంకె. అక్కడ కంపెనీ మనిషి మోటారు బోటు మీద వచ్చి పెట్టె తెరిచాడు. హలీమా వెనక నిలబడి అతని భుజం మీదుగా ఫొటోలు తీసింది. మొదటిదాంట్లో మూత తీసిన పెట్టె. రెండోదాంట్లో తెల్లగా పొర కట్టిన ఫ్యాను. మూడోదాంట్లో కొత్త ఫ్యాను, దాని మీది వోల్టుల అంకె కనపడేలా. కింద ఒక వాయిస్. నవ్వుతోంది, తిడుతోంది, మధ్యలో ఒకే మాట మూడుసార్లు: “చుంవి! చుంవి! చుంవి!”

వెంకటదుర్గ లేచి గోడ పక్కకి వెళ్ళి చూసింది. పెట్టె గాలి పీల్చుకునే జల్లెడ సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంది. పాలెంలో ఏ ఇంటికీ ఆ వైపు కిటికీ లేదు. ఉప్పుగాలికి తలుపు గొళ్ళెం రెండేళ్ళు నిలవదని నిన్న పుట్టిన పిల్లకి కూడా తెలుసు. నాలుగు దేశాలూ కలిసి నిర్ణయించిన చోటు అది. ఊళ్ళో ఒక్కర్ని అడగలేదు. ఈ గది నడపడానికే ఆర్నెల్లు చదివొచ్చిన తను కూడా, సీలు మీది విదేశీ అక్షరాలకి భయపడి నాలుగు నెలలు చేతులు కట్టుకు కూర్చుంది. కోపం అప్పుడు తన మీద కూడా వచ్చింది.

మధ్యాహ్నం బస్సుకి రాజోలు వెళ్ళి, ఇన్వర్టర్లు బాగుచేసే షాపులో హలీమా ఫొటో చూపించింది. షాపతను అలాంటి ఫ్యానే తీసిచ్చి, “ఎవరికమ్మా, మీ ఆయనకా?” అన్నాడు.

“మా ఆయనకి వల కుట్టడం వచ్చండి. ఇది నాకే.”

ఆదివారం పొద్దున్న పలకల నుంచి వచ్చే మెయిను ఆపింది. తీగల్లో మిగిలిన కరెంటు దిగడానికి పావుగంట ఆగమన్నారు ట్రైనింగులో. అరగంట ఆగింది. రత్తమ్మ గొడుగు పట్టుకుని పక్కన నిలబడింది.

“ఆ కాయితం చింపితే పోలీసులొస్తారటే?”

“వస్తే నువ్వు నవ్వుతూ ఫొటో దిగుదూగానిలే.”

చేపలు కోసే చిన్న కత్తితో సీలు కోసింది. నాలుగు మరలు తీసింది. లోపల ఫ్యాను రెక్కల మీద ఉప్పుచేప మీద ఉన్నట్టే తెల్లటి పొర. వేలితో తోస్తే కదల్లేదు. చూస్తూ చూస్తూ రత్తమ్మ అంది: “ఇదటే? దీనికటే నా నెత్తళ్ళని ఆడిపోసుకున్నారు?”

పాత టూత్‌బ్రష్షు, ఇంజెక్షనుకి వాడే స్పిరిటు. బోర్డు మీద పచ్చరంగు కనపడేదాకా తుడిచింది. కొత్త ఫ్యాను బిగించింది, ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు. మూత వేసి మెయిను ఎత్తింది. ఎర్ర అంకె రెండుసార్లు మినుకుమని పోయింది. ఫ్యాను చప్పుడు వినపడింది, వెనకాలే కంప్రెసరుది. రత్తమ్మ గొడుగు కింద పడేసి తలుపుకి చెవి ఆనించింది.

సాయంత్రం అత్తాకోడళ్ళు పెట్టెకి గజం దూరంలో తాటాకు దడి కట్టారు. గాలి ఆడుతుంది, సముద్రం మీంచి తిన్నగా కొట్టదు. పాలెంలో ప్రతి పొయ్యికీ అలాంటి దడి ఉంటుంది.

సోమవారం తెల్లారేసరికి లోపల ఐదు డిగ్రీలు. పదకొండు పడవలు వచ్చాయి. ఆడవాళ్ళు బేరగాళ్ళ మొహం కూడా చూడకుండా గంపలు గదిలోకి ఎక్కించారు. పదిన్నరకి లారీ వచ్చింది, వెనకాల కారులో సత్యప్రసాద్. అతను ముందు ఫ్యాను చప్పుడు విన్నాడు, తర్వాత సీలు చూశాడు.

“ఇది ఎవరు చింపారండి?”

“నేనేనండి.”

“గ్యారంటీ పోయిందండీ!”

“నాలుగు నెలలు ఉందిగా అండి. ఏం చేసిందండి?”

లారీతో వచ్చిన కూలీ ఒకడు తలుపు తీసి చూసి, చల్లగాలి మొహానికి తగిలి కాసేపు అక్కడే ఉండిపోయాడు. “ఇన్ని చేపలు దించి ఎక్కడ పెట్టమంటారు సార్?” అన్నాడు.

“ఏదోటి పట్టుకెళ్ళాలంటే ఆ జెండాల రాయి పట్టుకెళ్ళు బాబూ,” అంది రత్తమ్మ. “తేలిగ్గా ఊడుద్ది.”

గంపల దగ్గరున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. వెంకటదుర్గ నవ్వలేదు. పాత ఫ్యానునీ, నోటుబుక్కునీ అతని చేతిలో పెట్టి, ఫిబ్రవరి తొమ్మిది పేజీ తీసింది. అతను నిలబడే చదివాడు. రెండోసారీ చదివాడు.

“నేనేం చేయనండి, నాదీ ఉద్యోగమేగా,” అన్నాడు మెల్లిగా.

“ఉద్యోగం చేయండి. ఈ పేజీ ఫొటో తీసి, నెత్తళ్ళ ఫొటో పంపిన చోటికే పంపండి. సారాంశం వద్దండి.”

అతను ఫొటో తీసుకున్నాడు. లారీ ఖాళీగా వెళ్ళింది.

పంపాడో లేదో తెలియదు. జూలై మొదటి వారంలో ఉత్తరం వచ్చింది. గది పనిచేస్తున్నట్టు తెలిసిందనీ, తరలింపు ప్రస్తుతానికి ఆపామనీ అందులో ఉంది. అధికారం లేని వ్యక్తి సీలు తొలగించినందుకు పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలనీ ఉంది. ఫ్యాను ప్రస్తావన లేదు. ఉప్పు ప్రస్తావన లేదు. వెంకటదుర్గ ఉత్తరాన్ని మడిచి నోటుబుక్కులో పెట్టింది.

ఆ మధ్యాహ్నమే కింది పాలెం నుంచి పాపాయి ఫోన్ చేసింది. ట్రైనింగుకి పేరిచ్చి, ఇంట్లోవాళ్ళు వెళ్ళనివ్వక ఆగిపోయిన మనిషి.

“వదినా, మా గదికీ అదే ఎర్ర అంకె. మార్చి నుంచి. మీది నడుస్తోందంటగా?”

“సీలుందా?”

“ఉంది.”

“ముట్టుకోకు. పొద్దున్న మొదటి బస్సుకి వస్తాను. కత్తి నువ్వే పట్టుకుందూగాని.”

తీరం వెంట తొమ్మిది గదుల్లో ఆ రోజుకి ఐదు ఆగి ఉన్నాయి. మర్నాడు సాయంత్రానికి నాలుగు.