నాయన థర్డ్ అన్న సినిమాలు

మా కొత్త టీవీలో సినిమా అయిపోగానే తెర మీద నక్షత్రాలు వస్తాయి. ఎన్ని నొక్కితే మనకది అంత నచ్చినట్టు. దాన్ని బట్టి మరుసటి రోజు ఏం చూడాలో టీవీయే చెబుతుంది. నాయనకు రిమోట్ అలవాటు కాలేదు. సినిమా ఎలా ఉందో ఆయన ఒక మాట చెప్పేవాడు, నేను నొక్కేదాన్ని.

నాయన పుంగనూరు పక్కన టమాటా పండించి మదనపల్లె మండీకి తోలుతాడు. సినిమాకు కూడా మండీలో కాయల రకాలు చెప్పే మాటే వాడతాడు. జీపులు గాల్లోకి లేచిన సినిమా "ఫస్టు". పాటలెక్కువైతే "సెకండు". ఒక ముసలాయన, ఆయన ఎద్దు తప్ప పెద్దగా ఎవరూ లేని సినిమా చూసి, గొంతు సవరించుకుని "థర్డ్" అన్నాడు. ఫస్టుకు అన్ని నక్షత్రాలూ నొక్కాను, థర్డ్‌కు ఒక్కటే.

టీవీ నమ్మింది. ఇక రోజూ కత్తులూ జీపులే. నాయన సగంలో లేచి, "మోటారు ఆపేసొస్తా" అని పోయి, మళ్ళీ వచ్చేవాడు కాదు.

మా ఇద్దరికీ మాటలు తక్కువ. నేనైనా డైరీలో రాసుకుంటాను, ఆయనకు అదీ లేదు. పక్కపక్కన కూర్చుని సినిమా చూడటమే మా మాట్లాడుకోవడం. ఇంతలో కుప్పంలో నాకు ఉద్యోగం వచ్చింది. వెళ్ళేలోపు ఒక్క సినిమా అయినా ఆయన చివరిదాకా నా పక్కన కూర్చుని చూడాలని కోరిక. ఏది పెట్టాలో తెలియలేదు.

ఒక ఉదయం షెడ్డులో నాయన, అమ్మ, నేను కాయలు ఏరుతున్నాం. ఎర్రగా మాగిన కాయను నేను థర్డ్ బాక్సులో వేశాను. నాయన దాన్ని తీసి, తువ్వాలుతో తుడిచి, ఇంటి బుట్టలో పెట్టాడు.

"అది థర్డ్ గదా నాయనా, ఇంటికి యాల?"

"థర్డే. బాగా మాగిండాది, లారీలో దూరం పోతే నీళ్ళయిపోతాది. గట్టి కాయ యాడికైనా పోతాది, అందుకే అది ఫస్టు. రుచి మటుకు దీంట్లోనే."

అమ్మ నవ్వింది. "ఇన్నేండ్లూ ఏం తిన్నావనుకుంటాండావు పాపా? మనింట్లో చారంతా థర్డే!"

చేతిలో కాయ పక్కన పెట్టి నాయన వైపు తిరిగాను. "ఎద్దు సినిమా కూడా అందుకేనా?"

నాయన ఇంకో మాగిన కాయ తుడిచి బుట్టలో పెట్టాడు. "అది మండీలో నలుగురికీ చెప్పే సినిమానా? సూసినోళ్ళ కడుపులోనే ఉంటాది."

ఆ సాయంత్రం వెతికి వెతికి ఎద్దు సినిమాకు అన్ని నక్షత్రాలూ నొక్కాను. నాయన థర్డ్ అన్నవి గుర్తొచ్చినన్ని సరిచేశాను. టీవీ కొంచెం తికమకపడినట్టుంది. రెండు రోజులు కత్తులే చూపించి, తర్వాత, మూతపడుతున్న బడికి తాళం వేయలేక గేటు దగ్గర కూర్చున్న ఒక అటెండరు సినిమా చూపించింది.

ప్రయాణానికి ముందురోజు అది పెట్టాను. సగంలో వంటింట్లోంచి అమ్మ కేక వేసింది. "ఏమయ్యో, మోటారు పోతానే ఉండాది, ఆపేది లేదా?"

నాయన కళ్ళు తిప్పలేదు. "నువ్వు పోయి ఆపు."

"నా చేతులకు పిండి!"

"అట్లయితే పారనీ. తడిసేది మన చేనే గదా."

సినిమా అయిపోయింది. నక్షత్రాలు వచ్చాయి. నాయన ఏ రకమో చెప్పలేదు, నేను అడగలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, "కుప్పంలో నీకు టీవీ ఉండాదా?" అన్నాడు.

"లేదు నాయనా."

"కొనొద్దులే. ఆదివారం ఈడికే రా. ఇట్లాంటివి ఇంట్లోనే సూడాల."