ఎంగిలి తుట్టె

కోరుట్లలో నేనుంటున్న అపార్ట్‌మెంటులో, నా పడకగది కిటికీ పైన, సజ్జ కింద, పోయిన నెల తేనెటీగలు తుట్టె పెట్టాయి. దాన్ని కాల్చడం గురించి నిన్న సాయంత్రం కింద పార్కింగులో కుర్చీలు వేసుకుని పంచాయితీ పెట్టారు. తీర్పు ముందే అయిపోయింది, నన్ను పిలిచింది వినిపించడానికే. "పిల్లలున్నరు మేడం. కర్రకు గుడ్డ సుట్టి ఇంత పెట్రోలు పోస్తె ఐదు నిమిషాల పని" అన్నాడు పై అంతస్తు పెద్దమనిషి. ఈయనే మొన్నటిదాకా మేడ మీది కుండీల్లో దోసతీగల పూలన్నీ ఉత్తగానే రాలిపోతున్నాయని విత్తనాల కొట్టువాణ్ణి తిట్టేవాడు. ఈ నెల పిందెలు దిగాయి. అది తన ఎరువు మహిమ అనుకుంటున్నాడు. అనుకోనీ. కూర్చోబెట్టి చెప్పేంత ప్రేమ నాకు ఆయన మీద లేదు. "కిటికీ నాది, దాని జోలికి రాకండి" అని లేచి వచ్చేశాను. వెనక నుంచి ఎవరో "గడి పోయినా దొరసానితనం పోలే" అన్నారు. వినపడాలనే అన్నారు. వినపడింది.

గడి పోయిన మాట నిజం. బోయినపల్లి దిక్కు ఉన్న మా ఊళ్లో ఆ గడి మా తాతల నాటి దొరల మేడ. దాని పై అంతస్తు చూరు కింద ఏటా చలికాలం పెద్దీగలు వచ్చి చాటంత తుట్టె పెట్టేవి. దాన్ని దించడానికి ఒక పద్ధతి ఉండేది. తాళ్లెక్కి కల్లు దించే ఊరి గీత పనివాడు చెప్పులు దర్వాజ బయట విడిచి, మా పెదనాయనను అడిగి, నిచ్చెన వేసేవాడు. ఈగలు మళ్లీ కట్టుకునేందుకు సగం ఉంచి సగం కోసేవాడు. మొదటి ముక్క కంచు గిన్నెలో మా ఇంట్లోకి వచ్చేది, మిగిలింది అతనిది. మా తాత నాటి నుంచీ అంతే. పొలాలు ఒక్కొక్కటే చేతులు మారి, ఇంట్లో అన్నానికి కూడా వెనకాముందు చూసుకునే రోజులు వచ్చినా, ఆ కంచు గిన్నె కోసం పెదనాయన వరండాలో ఇస్త్రీ ధోతి కట్టుకుని కూర్చునేవాడు.

నేను డిగ్రీ ఆపేసి ఇంట్లో కూర్చున్న ఏడు, మా చిన్నాయన చివరగా మిగిలిన మెట్ట చెలకలో పొద్దుతిరుగుడు వేశాడు. మా నాయన పోయాక నన్ను సాకింది ఆయనే. అప్పటికే ఊరు సగం ఖాళీ అయింది. మగ్గాల మీద పనికి సిరిసిల్లకు, అక్కడా పని లేనివాళ్లు భీవండికి, మిగిలినవాళ్లు దుబాయికి. చిన్నాయన వీసా కూడా జగిత్యాల ఏజెంటు దగ్గర తయారుగా ఉంది. "ఈ పంట దక్కితె నేను యాడికి పోను. దక్కకపోతె పోత" అని పిన్నితో అన్నాడు. పిన్నికి అప్పుడు ఆరో నెల.

పంట మొగ్గ మీద ఉండగా గీత పనివాడు ఎవరినీ అడగకుండా పెరటి గోడ మీదుగా ఎక్కి తుట్టె కోసుకున్నాడు. అతనూ ఆ వారమే దుబాయి పోతున్నాడు, ఇంక ఎవరికి భయపడాలి? పద్ధతి ప్రకారం సగం మాత్రం ఉంచాడు. తెల్లారి పెదనాయన తల ఎత్తి చాలాసేపు చూశాడు. "వాడు తిని ఇడిసిన ఎంగిలి నా ఇంటి నెత్తి మీద ఏలాడుతదా?" అన్నాడు. పొద్దుగూకే వేళ కర్రకు గోనెగుడ్డ చుట్టి, కిరోసిన్ పోసి, తన చేతులతోనే అంటించాడు. వరండా నిండా రెక్కలు కాలిన ఈగలు. చీపురుతో ఊడ్చింది నేనే.

పొద్దుతిరుగుడు పువ్వు తన పుప్పొడితో తాను సరిగా గింజ కట్టదు. ఈగ ఒక పువ్వు మీద వాలి ఇంకో పువ్వు మీదికి పోతేనే లోపల పప్పు నిండుతుంది. లేకపోతే పైకి పొట్టు, లోపల గాలి. మా చెలక పసుపుపచ్చగా విరగబూసింది, దాని మీద ఒక్క చప్పుడు లేదు. పక్క పత్తి చేలల్లో కొట్టే మందుకు చిన్నీగలు ఎప్పుడో పోయాయి. ఇంక మిగిలిన దారి ఒకటే. పొద్దున పూట, చేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, పువ్వు పువ్వునూ నిమురుకుంటూ పోవాలి. దానికి చేతులు కావాలి.

పిన్ని చేతుల కోసం బీడీలు చుట్టే ఆడవాళ్ల అరుగు దగ్గరికి పోయింది, నేనూ వెంట పోయాను. ఒడిలో చాటలు పెట్టుకుని ఆకు కత్తిరిస్తున్నవాళ్లు తల ఎత్తలేదు. ఒకప్పుడు వీళ్ల అత్తలు మా ఇంట్లో కూలి లేకుండా వడ్లు దంచారు. "మీ ఈగలను మీరే కాల్సుకుంటిరి. ఇప్పుడు మమ్ములను ఈగలు కమ్మంటరా దొరసానీ?" అంది పెద్దావిడ. ఇంకొకామె, "పోదాం తియ్యరాదే, కుట్టనన్న కుట్టొచ్చు" అంది. అరుగంతా నవ్వింది. వాళ్ల మాటలో తప్పు లేదని నాకు తెలుసు. ఆ నవ్వును మాత్రం ఇప్పటికీ క్షమించలేదు.

ఇంటికి రాగానే పిన్ని దండెం మీద ఆరేసిన పెదనాయన ధోతి లాగి నిలువునా చింపింది. మా ఇంట్లో కోడళ్లు బావగారి ఎదుట మాట్లాడరు. అందుకని వరండాలో కూర్చున్న ఆయనకు వినపడేటట్టు నాతో అంది: "చెప్పు బిడ్డా మీ పెదనాయనకు. ఈగలను ఆయన కాల్చిండు. ఈగల పని ఆయన ధోతి చేస్తది."

పువ్వు విడిచినన్నాళ్లూ చిన్నాయన, పిన్ని, నేను, మేం ముగ్గురమే నిమిరాం. పిన్ని ఒక చేత్తో నడుము పట్టుకునేది. గడి ఆడవాళ్లు చెలకలో దిగారని రోడ్డు మీద సైకిళ్లు ఆపి మరీ చూశారు. నేను వీపు వంచకుండా నిమిరాను. పువ్వులు నా ఎత్తే ఉన్నాయి, వంగాల్సిన పని లేకపోయింది. కానీ చెలక పెద్దది, చేతులు ఆరు. ఎండెక్కేసరికి అంచుల వరసలే అయ్యేవి, నడుమ ఉన్న సగం పూలకు అందేవాళ్లం కాదు. కోసి, కట్టెలతో కొట్టి, తూర్పార పట్టిన రోజు, అంచుల వరసల గింజలు కాళ్ల దగ్గర పడ్డాయి, నడుమ గింజలన్నీ గాలికి పోయాయి. చిన్నాయన గాలికి పోయినవాటిలోంచి నాలుగు ఏరి, పళ్ల మధ్య కొరికి చూసి, ఊశాడు. "జగిత్యాలకు ఫోన్ చేస్త" అన్నాడు. అంతే అన్నాడు.

ఆయన పోయేనాడు పెదనాయన వరండాలోంచి లేవలేదు. తమ్ముడు కాళ్లు మొక్కితే తల మాత్రం నిమిరాడు, పువ్వును నిమిరినట్టు. అడగకుండా ఎక్కినవాణ్ణి తిట్టాడు, నవ్విన ఆడవాళ్లను తిట్టాడు, చివరిదాకా తుట్టె మాట ఎత్తలేదు. చిన్నాయన సెలవు దొరికి మొదటిసారి వచ్చినప్పుడు, ఆయన బిడ్డ నా వెనక దాక్కుని "ఎవరక్కా ఈయన?" అని అడిగింది.

పొద్దున కిటికీ తెరిచాను. పై అంతస్తు పెద్దమనిషి మేడ మీద దోసతీగలకు నీళ్లు పోస్తూ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. నా సజ్జ కింది ఈగలు ఆయన పూల మీదికే పోతున్నాయి. కాల్చడం ఐదు నిమిషాల పనే. మా పెదనాయనకు అంతసేపు కూడా పట్టలేదు. ఆ కాస్త సేపు మా ఇంట్లో మాత్రం ఇంకా అయిపోలేదు.