నిమ్మకాయలు తొక్కించబోతే సొట్ట పడింది: లిలువాలో విశ్వకర్మ పూజ

కోల్‌కతా వెళ్ళొచ్చినవాళ్ళు రసగుల్లా గురించి రాస్తారు, ట్రాముల గురించి రాస్తారు, వంతెన ఫొటో పెడతారు. నేను ఒక కారు సొట్ట గురించి రాయబోతున్నాను. ఏం చెయ్యను, ఆ ఊళ్ళో నేను గడిపిన నాలుగు రోజుల్లో గుండె చేత్తో పట్టుకుని తిరిగింది ఆ ఒక్కరోజే. మా తాతయ్య హౌరా పక్కనున్న లిలువా రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెలకి రంగులు వేసేవాడు. అమ్మా పిన్నీ పుట్టి పెరిగింది అక్కడి క్వార్టర్సులోనే. సెప్టెంబరులో విశ్వకర్మ పూజ వచ్చిందంటే వర్క్‌షాపు గేట్లు పనివాళ్ళ ఇంటిల్లిపాదికీ తెరుస్తారనీ, ఆడవాళ్ళూ పిల్లలూ పెద్దపెద్ద మిషన్ల మధ్య తిరుగుతారనీ అమ్మ ఏటేటా చెప్తుంది. విని విని చెవులు వాచిపోయి, ఈసారి సెలవు పెట్టి హైదరాబాదులో రైలెక్కేశాను.

దిగింది పిన్ని ఇంట్లో. ఇల్లంటే ఇల్లు కాదు, అలీపూర్‌లో ఒక పెద్ద బంగళా వెనక గ్యారేజీ మీద కట్టిన గది. ఆ బంగళా ఒక రిటైరైన హెడ్‌మాస్టరమ్మది. అందరూ దిదిమణి అంటారు. మా బాబాయ్ ఆవిడ డ్రైవరు. బాబాయ్ వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఓడరేవులో మూటలు మోసి ఏక్‌బాల్‌పూర్‌లో బతికాడు. వాళ్ళింట్లో తోటలోకి కిటికీ ఉన్న గదిలో కాపురం పెట్టిన మొదటివాడు బాబాయే. పిన్ని కూతురు ఆ వీధి చివరి బడిలోనే చదువుతోంది. అంటే ఉద్యోగం ఉంటేనే గది, గది ఉంటేనే బడి. "ముందరి డ్రైవర్ని కారు మీద గీత పడినందుకే తీసీసిందంట. సామాను గేటు బయట పెట్టించీసిందంట" అని మొదటి రాత్రే బాబాయ్ చెప్పాడు. ఆ కారు దిదిమణి చనిపోయిన భర్తది, తెల్ల అంబాసిడర్. దాని తాళమూ గది తాళమూ ఒకే రింగుకి ఉంటాయి. బాబాయ్ దాన్ని నడుముకి కట్టుకుని పడుకుంటాడు.

పూజనాటికి దిదిమణి బోల్పూర్‌లో అక్కగారింట్లో ఉంది. సాయంత్రం ఐదింటి రైలుకి హౌరాలో దిగుతుంది. కారుకి పూజ చేయించమని వెళ్ళేముందే చెప్పిందట. ఎక్కడ చేయించాలో చెప్పలేదు కాబట్టి బాబాయ్ లిలువానే ఎంచుకున్నాడు, అక్కడి దేవుడికే తన పేరు తెలుసని ఆయన నమ్మకం. ఎనిమిదింటికి బయలుదేరాం. రెండో హుగ్లీ వంతెన మీద టోలు కట్టి, హౌరా సందుల్లోంచి గంటన్నరలో చేరాం. ఆకాశం నిండా గాలిపటాలు. ఆ రోజు కోల్‌కతాలో పనివాడన్నవాడు పని ముట్టడు. సుత్తీ, పానా, రెంచీ అన్నీ కడిగి కుంకం పెట్టి దేవుడి ముందు పేర్చేస్తారు, మళ్ళీ మర్నాడే తీస్తారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మా పీకల మీదికొచ్చింది ఇదే.

వర్క్‌షాపు గురించి అమ్మ చెప్పిందంతా నిజం. లేత్ మిషన్‌కి బంతిపూల దండ వేసి, దాని ముందు ఒక ముసలాయన సొంత మనవడిని చూపించినట్టు చూపిస్తుంటే నా కళ్ళు చెమర్చాయి. తాతయ్య పనిచేసిన షెడ్డు ముందు పిన్ని చాలాసేపు నిలబడింది. వేడివేడి కిచిడీ, లాబ్డా అనే కలగూర పెట్టారు, పైసా తీసుకోలేదు. పదకొండున్నరకి గేటు బయట మైదానానికి వచ్చాం. బళ్ళన్నీ అక్కడే ఆపుకోవాలి, పదిరూపాయల చీటీ. లారీలు, టాక్సీలు, రిక్షాలు, అన్నిటికీ దండలే, అన్నిటి ముందూ పంతులుగారే. మైకులో పాటకి పక్కనున్నవాళ్ళ మాట వినపడదు.

బెంగాలీ పంతులు మా కారుకి మంత్రం చదివి, బానెట్ మీద స్వస్తికం గీసి వెళ్ళిపోయాడు. అంతటితో వచ్చేస్తే నేనీ పోస్టు రాసేదాన్నే కాదు. కానీ మనవాళ్ళకి నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించందే పూజ అయినట్టా? దిష్టి పోవద్దూ, ప్రమాదాలు తప్పొద్దూ! పిన్ని సంచీలోంచి నిమ్మకాయలు తీసింది, నేను చక్రాల కింద పెట్టాను. బాబాయ్ సీట్లో కూర్చుని కిటికీలోంచి తల బయటికి పెట్టి ముందు చక్రం కేసే చూస్తున్నాడు. నేనూ పిన్నీ కూడా నిమ్మకాయనే చూస్తున్నాం. "నలిగిందేటే?" అంటున్నాడు బాబాయ్. టప్పున నలిగింది. దాని వెనకే ధన్‌మని ఇంకో చప్పుడు.

మా ముందు ఒక పసుపుపచ్చ టాక్సీ ఉంది. అదే వెనక్కి వచ్చి మా కారుకి తగిలిందనుకున్నాను. దాని బంపరుకి ఏమీ కాలేదు. మా ఎడమ హెడ్‌లైటు అద్దం పొడి అయిపోయింది, మడ్‌గార్డు లోపలికి నొక్కుకుపోయి టైరుకి ఆనుకుంది. బాబాయ్ దిగాడు. "ఓలమ్మో, అయిపోనాది. మన పని అయిపోనాది" అని మడ్‌గార్డు పట్టుకుని కిందే కూలబడ్డాడు.

క్షణంలో జనం మూగారు. టాక్సీ డ్రైవరు బీహార్‌లోని ఛప్రా నుంచి వచ్చిన జగదీశ్, యాభై దాటిన మనిషి. అతను నోరు తెరిచేలోపే నలుగురు కుర్రాళ్ళు కాలరు పట్టుకున్నారు. మైదానం చూసుకునే యూనియన్ పెద్ద వచ్చాడు, అందరూ దాదా అనే మనిషి. అక్కడ పోలీసులకంటే ముందు ఆయనే వస్తాడు, ఆయన మాటే చెల్లుతుంది. "పూజ జరుగుతున్న బండిని వెనక్కొచ్చి గుద్దావు. మరమ్మతు అయ్యేదాకా నీ టాక్సీ ఇక్కడినుంచి కదలదు" అని జగదీశ్ తాళం లాగి జేబులో వేసుకున్నాడు. జగదీశ్ చేతులు జోడించాడు. "దాదా, నేను ఆగే ఉన్నాను. నా బండికింకా పూజైనా కాలేదు. ఇవాళ బండి తిప్పకపోతే రాత్రి యజమానికి ఏం కట్టను?" ఎవరు వింటారు?

నాకైతే ఒళ్ళు మండిపోయింది, నేనూ వచ్చీరాని హిందీలో అతన్ని నాలుగు మాటలు అనేశాను. బాబాయ్ మాత్రం నలిగిన నిమ్మకాయ కేసి చూస్తున్నాడు, జగదీశ్ కేసి చూస్తున్నాడు. పిన్ని ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకోవడం చూశాను. అప్పుడర్థమైంది నాకు, చెప్పాల్సినది ఏదో ఆయన దగ్గర ఉందని.

ఆఖరికి లేచాడు. "దాదా, తాళం ఇచ్చేయండి. టాక్సీ ఆగే ఉంది. నిమ్మకాయ చూసుకుంటూ నేనే ముందుకి పోనిచ్చాను" అన్నాడు బెంగాలీలో. కుర్రాళ్ళు జగదీశ్ కాలరు వదిలారు. దాదా బాబాయ్‌ని ఎగాదిగా చూసి తాళం జగదీశ్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

పిన్ని మొదలెట్టింది. "ఏటయ్యా నువ్వు? నోరు మూసుకుని ఊరుకుంటే ఏటి పోనాది? ఇప్పుడు గది పోతాది, పిల్ల బడి పోతాది!"

"ఆడి బండి పోతే ఆడి పిల్లలేటి తింటారే?"

"మన పిల్ల సంగతేటి మరి?" పిన్ని ఏడ్చేసింది.

జగదీశ్ వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. తనకి తెలిసిన మిస్త్రీ, అంటే మెకానిక్కు, దగ్గర్లోనే ఉన్నాడని, రోడ్డు దాటి గ్యారేజీకి తీసుకెళ్ళాడు. అక్కడ ఏనుగు మీద విశ్వకర్మ, ఆయన కాళ్ళ దగ్గర కుంకం బొట్లతో సుత్తులూ జాకీలూ. మిస్త్రీ రెండు చేతులూ ఎత్తేశాడు. "రేపు నిమజ్జనం అయ్యాక రండి. లక్ష ఇచ్చినా ఇవాళ పానా ముట్టను." బతిమాలాం. బాబాయ్ కాళ్ళు పట్టుకోబోయాడు. అతను బాధపడ్డాడు గానీ కదల్లేదు. టైం ఒంటిగంట దాటింది. టైరుకి రేకు రాసుకుంటుంటే కారు స్టేషన్ దాకా కూడా పోదు.

ఉన్నట్టుండి మిస్త్రీ అన్నాడు, "నేను ముట్టను. మాట్లాడకూడదని దేవుడు అనలేదు కదా. తాడు పనిముట్టు కాదు. నీ టాక్సీలో ఉందా జగదీశ్?" ఉంది. ఇక అతను మైదానంలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, తాడు ఎక్కడ కట్టాలో, ఎటు లాగాలో చెప్పడం మొదలెట్టాడు. మడ్‌గార్డు అంచుకి గోనెపట్టా చుట్టి తాడు కట్టాం. ఇంకో కొస టాక్సీకి. మెల్లగా, మెల్లగా అన్నట్టు "ఆస్తే, ఆస్తే" అని మిస్త్రీ అరుస్తున్నాడు. తాడు బిగిసి కిర్రుమంటుంటే ఎక్కడ రేకు చినుగుతుందోనని నా పైప్రాణాలు పైనే పోయాయి. మూడోసారికి రేకు మూలుగుతూ టైరుని వదిలింది. మేం గుద్దిన టాక్సీయే లాగి పెట్టింది! జగదీశ్ ఇప్పించిన నిమ్మకాయల షర్బత్ తాగుతూ చక్రాల కింద నలిగిన నిమ్మకాయల్ని చూసి పిన్నికి నవ్వొచ్చింది, వెంటనే మళ్ళీ ఏడుపొచ్చింది. కారు కదులుతుంది గానీ, సొట్ట సొట్టలాగే ఉంది, లైటు గుడ్డిగానే ఉంది.

దార్లో పిన్ని ఒక నిర్ణయానికొచ్చేసింది. మూడు మూరల లావుపాటి బంతిదండ బేరమాడి, సొట్టా లైటూ పూర్తిగా కప్పేలా ఎడమపక్క కట్టింది. "ఇయాళ ఊరంతా దండలే. ఆ ముసిలావిడకి సత్వారం. రేపు పొద్దున్నే లేవకముందు ఏక్‌బాల్‌పూర్ తీసుకుపోయి బాగుసేయించీ. ఎవరికి తెలుస్తాది?" నిజం చెప్పొద్దూ, నాకూ బాగానే అనిపించింది. బాబాయ్ బండి ఎక్కి హౌరా కేసి పోనిచ్చాడు.

హౌరా పాత స్టేషన్‌లో ఒక సౌకర్యం ఉంది. కారు తిన్నగా ప్లాట్‌ఫారాల మధ్యకే వెళ్తుంది. పెద్దవాళ్ళని దింపుకోవడానికీ ఎక్కించుకోవడానికీ చాలా వీలు. ఎడమపక్క గోడకేసి పెట్టి ఆపాడు బాబాయ్. నేనూ పిన్నీ టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. రైలు ఇరవై నిమిషాలు లేటు. ఆ ఇరవై నిమిషాల్లో బాబాయ్ దండ సర్దింది ఎన్నిసార్లో!

దిదిమణి వచ్చింది. సన్నగా, తెల్లచీర, చేతికర్ర. వెనక కూలీ నెత్తి మీద పెట్టె. తిన్నగా వెళ్ళి కారెక్కుతుందనుకున్నాం. కానీ దండ చూడగానే ఆగింది. చేతికర్ర బాబాయ్‌కి ఇచ్చింది. వంగి, ఆ దండని కళ్ళకద్దుకోవడానికి చెయ్యి చాచింది.

"దిదిమణీ, ఆగండి!"

అరిచింది బాబాయే. కర్ర పక్కన ఆనించి, దండ విప్పేశాడు. పక్కన పిన్ని "అయిపోనాం" అని నా భుజం మీద తల పెట్టేసింది. బాబాయ్ మొత్తం చెప్పాడు. నిమ్మకాయలు, టాక్సీ, దాదా, తాడు. దండ ఎందుకు కట్టిందీ దాచలేదు, కాకపోతే తానే కట్టానన్నాడు.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకుని, సొట్టని వేళ్ళతో తడిమింది. భర్త కారు కదా, మెల్లగా తడిమింది. "ఆ టాక్సీ అతనికి ఏమైనా అయిందా?" అనడిగింది. లేదన్నాడు. "తాళం ఇవ్వు" అంది.

బాబాయ్ నడుముకున్న రింగు విప్పాడు. కారు తాళం ఒక్కటీ తియ్యాలని చూశాడు, రింగు బిగుసుకుని రాలేదు. గది తాళంతో సహా ఆవిడ చేతిలో పెట్టేశాడు.

ఆవిడ వెనక్కి నడిచి డిక్కీ తెరిచింది, కూలీ చేత పెట్టె పెట్టించింది, మూసింది. రింగు తిరిగి బాబాయ్ చేతిలో పెట్టింది. "గీత పడినందుకు నేనెవర్నీ తియ్యలేదు. రంగు పూసి నాకు చెప్పకుండా ఊరుకున్నందుకు తీశాను" అంది. బాబాయ్ దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అప్పుడావిడ కారెక్కుతూ అంది, "దండ మళ్ళీ కట్టు, దేవుడిది. దెబ్బ కనపడేలా కట్టు."

మర్నాడు ఏక్‌బాల్‌పూర్ మిస్త్రీ దగ్గర రేకు కొట్టి, రంగు వేసి, కొత్త లైటు బిగించేసరికి సాయంత్రమైంది. దిదిమణి స్టూలు వేయించుకుని కూర్చుని అంతా చూసింది, ఖర్చు తనే పెట్టుకుంది. బాగు చేశాక చెయ్యి పెట్టి తడిమితే తప్ప తెలియలేదు. కానీ నాకు గుర్తుండిపోయింది అంతకుముందు సాయంత్రమే. అందరం అదే కారులో, ఒంటికన్ను లైటుతో, హౌరా వంతెన దాటుతున్నాం. పక్కన పోయే ప్రతి డ్రైవరూ మా సొట్ట చూసి బాబాయ్ కేసి చూస్తున్నాడు. ఆయన తల దించుకోలేదు. మధ్యాహ్నం నించీ ఏడ్చిన పిన్ని, వెనక సీట్లో దిదిమణి పక్కన బిక్కుబిక్కుమంటూ కూర్చుని, స్టీరింగు పక్కన వేలాడుతున్న ఆ తాళాల రింగునే చూస్తూ వచ్చింది.

మీరు ఆ పూజకి లిలువా వెళ్తే కారు వద్దు. హౌరాలో లోకల్ రైలెక్కితే తర్వాతి స్టేషనే. కారే కావాలంటే, ఆ రోజు ఊళ్ళో ఒక్క మిస్త్రీ కూడా పనిముట్టు ముట్టడని తెలుసుకుని వెళ్ళండి. ఇక నిమ్మకాయలు తొక్కించేవాళ్ళు ఒక మనిషిని కారు ముందు నిలబెట్టుకోండి, ఆ మనిషి మాత్రం నిమ్మకాయ చూడకూడదు.